రెండో నమూనా దుర్వినియోగం

మానవజాతి ముందు నిప్పును కనిపెట్టింది, తరవాత చక్రాన్ని కనిపెట్టింది, ఆపైన చాలాకాలం తీరిగ్గా ఆలోచించి మరుగుదొడ్డికి తాళం కనిపెట్టింది. మొదటి రెండింటి వల్లా జనానికి ఏదో కాస్త సౌకర్యం కలిగిన మాట నిజమే గానీ, పరిపాలన అనేది మొదలైంది మాత్రం మూడోదానితోనే. ఈ సంగతి ఎవరైనా కాదంటే వాళ్లను ఒక్కసారి ఎరువు మరుగుదొడ్ల ప్రోత్సాహక మండలి కార్యాలయానికి పంపాలి. పొద్దున్నే, కడుపునిండా నీళ్లు తాగించి పంపాలి.

నీటిబొట్టు అక్కర్లేకుండా, మురుగు కాలవ అక్కర్లేకుండా, మనిషి వదిలినదాన్ని మొక్కలకు ఎరువుగా మార్చే మరుగుదొడ్లను ప్రజల్లోకి తీసుకెళ్లడం ఈ మండలి పని. (ప్రజలను మరుగుదొడ్లలోకి తీసుకెళ్లడం వేరే శాఖ పని. ఆ శాఖకూ ఈ మండలికీ మాటల్లేవు.) రెండంతస్తుల భవనం, మెట్ల మీద ఫినాయిల్ వాసన, ప్రతి గదిలోనూ తిరుగుతున్నానని గట్టిగా చెప్పుకునే ఫ్యాను. పెరట్లో వరసగా నాలుగు ఎరువు మరుగుదొడ్లు, ఆకుపచ్చ రంగు వేసి, ఒక్కోదాని నెత్తినా ఒక్కో గొట్టం నిలబెట్టి, ఒక్కోదానికీ ఒక్కో తాళం వేసి ఉంటాయి. వాటిని నమూనాలు అంటారు.

వెనకటికి అక్కడ సిబ్బంది వాడుకునే మామూలు మరుగుదొడ్డి ఒకటి ఉండేది. ఎరువు మరుగుదొడ్ల మండలి ఆవరణలో నీళ్లు పోసే మరుగుదొడ్డి ఉండటం సిద్ధాంతానికి మచ్చ అని డైరెక్టరుగారికి ఒకరోజు తట్టింది. ఫొటోలు తీసి మరీ దాన్ని కూలగొట్టించారు. డైరెక్టరుగారి గదికి ఆనుకుని నీళ్ల మరుగుదొడ్డి ఇంకోటి ఉంది, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కొత్త పద్ధతి గొప్పతనం తెలియాలంటే పోల్చి చూసుకోవడానికి పాతది ఒకటి ఉండాలి కదా. ఆ పోల్చి చూసే భారం ఆయనే రోజూ స్వయంగా మోసేవారు.

ఈ మండలిలో పెద్ద గుమాస్తా ఒకావిడ ఉంది. ఆఫీసు ఆఫీసంతా ఆవిడను అక్కయ్య అంటుంది, ఆవిడ కంటే పెద్దవాళ్లతో సహా. ఫైలు ఎక్కడుందో చెప్పేదీ ఆవిడే, పెరట్లోకి సందర్శకులు వస్తే నమూనాల గురించి వివరించేదీ ఆవిడే. ఆవిడ ఎడమ కిడ్నీలో రాయి ఉండేది. ఆపరేషన్ చేసి తీశారు. తీసిన డాక్టరు మందులు రాస్తూ, తలెత్తకుండానే, రోజంతా నీళ్లు తాగుతూనే ఉండమన్నాడు. వస్తే ఆపుకోవద్దన్నాడు. ఆపుకున్నారో, ఆ కిడ్నీ మీద ఆశ వదులుకోవాల్సిందేనన్నాడు.

"మా ఆఫీసులో అది కుదరదండీ," అంది అక్కయ్య.

"ఏం ఆఫీసమ్మా మీది?"

"మరుగుదొడ్ల ఆఫీసండీ."

డాక్టరు అప్పుడు తలెత్తి చూశాడు.

ఇంటి దగ్గర భర్త కూడా ఇలాగే నోరు వెళ్లబెట్టాడు. "నాలుగున్నాయంటివి కదే, ఒకటి కాకపోతే ఇంకోటి," అన్నాడు. నమూనాకూ మరుగుదొడ్డికీ తేడా ఆయనకు తెలియదు. ఆయన ప్రైవేటు ఉద్యోగి.

సిబ్బందికి దగ్గర్లో ఉన్నది బస్సు డిపోలోని మరుగుదొడ్డి. పెద్ద రోడ్డు దాటాలి, అక్కడ వరసలో నిలబడాలి, అంతకంటే ముందు బయటికి వెళ్లే చీటీ మీద పని ఏమిటో రాసి సంతకం పెట్టించుకోవాలి. అక్కయ్య 'సొంత పని' అని రాసేది. పదిరోజులు తిరక్కుండానే డైరెక్టరుగారు పిలిపించారు.

"అక్కయ్యగారూ, మీ సొంత పనులు ఈమధ్య మరీ ఎక్కువైనట్టున్నాయి."

"అవునండీ. మధ్యాహ్నం ఇంకోటి ఉంది."

"అవేవో పొద్దున్నే ఇంట్లోనే అన్నీ కలిపి ఒకేసారి చూసుకుని రాకూడదూ?"

అక్కయ్య ఆలోచించి చూస్తానంది. మర్నాటి నుంచీ నీళ్ల సీసా ఇంట్లోనే వదిలేసి రావడం మొదలుపెట్టింది. ఆఫీసులో మిగతా ఆడవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పని అదే. మగవాళ్లకు ఇబ్బంది లేదు, వాళ్లకు వెనక గోడ ఉంది. (ఆ గోడ ఏ నిబంధన కిందికీ రాదు.)

నాలుగు నమూనాల గురించీ అక్కయ్య చెప్పే తీరు విని తీరాలి. బడి పంతుళ్లు వచ్చినా, తోటలవాళ్లు వచ్చినా, ఇంకో శాఖ నుంచి పని లేనివాళ్లు వచ్చినా ఒకే పాఠం. "ఇది మొదటి రకమండీ, ఒకటే తొట్టి. కూర్చునే పీట కిందే ఉంటుంది. వాడినప్పుడల్లా గుప్పెడు రంపపు పొట్టు గానీ ఎండుటాకుల పొడి గానీ చల్లాలి. నిండితే తొట్టి మార్చాలి. ఇది రెండో రకం, జంట గదులది. పీటకు ముందువైపు గరాటు ఉంది చూశారా, మూత్రం దాంట్లోంచి గొట్టం ద్వారా విడిగా క్యానులోకి పోతుంది. వాసన వచ్చేది తడి వల్లేనండీ, తడిని వేరు చేస్తే వాసన ఉండదు. కింద రెండు గదులుంటాయి. ఒకటి నిండితే మూసేసి రెండోది వాడుతూ ఉండాలి. రెండోది నిండేలోపు మొదటిది మాగి మట్టిలా అయిపోతుంది. ఇది మూడోది, తిప్పుడు పీపా. పక్కన చేతిపిడి ఉంది, రోజుకోసారి తిప్పితే లోపల గాలి ఆడి తొందరగా మాగుతుంది. నాలుగోది కరెంటుదండీ, లోపల ఫ్యానూ వేడిచేసే తీగా ఉంటాయి, చోటు తక్కువున్న ఇళ్లకు."

అందరూ తలలూపేవారు. వాళ్లలో దూరాభారం నుంచి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు చివర్లో గొంతు తగ్గించి, ఒకసారి వెళ్లొచ్చా అని అడిగేవారు.

"చూడొచ్చండీ," అనేది అక్కయ్య.

తాళాలు ఎందుకంటే, నమూనాలు 'ప్రాథమిక స్థితి పరిశీలన'లో ఉన్నాయి. ఎవరూ వాడకముందు మరుగుదొడ్డి ఎలా ఉంటుందో తెలియకపోతే, వాడాక ఏం తేడా వచ్చిందో ఎలా చెబుతాం అని డైరెక్టరుగారు ఒక సమావేశంలో అడిగారు. ఎవరికీ జవాబు తోచలేదు. తోచకపోవడాన్ని ఏకగ్రీవ ఆమోదంగా రాసుకున్నారు. పరిశీలన కాలం అయిపోవచ్చినప్పుడల్లా, మరుగుదొడ్లలో ఇంతవరకూ ఏ మార్పూ కనబడలేదు కాబట్టి ఇంకొంతకాలం చూడాలని పొడిగించేవారు.

తాళంచెవులు అటెండరు చేతికి ఒక్క దుమ్ము దులపడానికే వచ్చేవి. అతను రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, అక్కయ్య అతన్ని బాబాయ్ అంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ మెట్ల మీద నడుం పట్టుకుని కూర్చుని ఉంటే అతను చూశాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏంటమ్మాయ్, మంచినీళ్లు తెమ్మంటావా?"

"నీళ్ల మాటెత్తకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా."

అతను కాసేపు ఆవిడ వైపు చూశాడు. కాసేపు పెరడు వైపు చూశాడు. చేతిలో ఉన్న చీపురు గోడకు ఆనించాడు.

"నాలుగింట్లోనూ గడియ సరిగ్గా పడేది రెండోదేనమ్మాయ్. ఇవాళ్టి నుంచి దుమ్ము ఎక్కువైందని చెబుతా, పూటకు రెండుసార్లు దులుపుతా. నేను చీపురు పట్టుకుని బయట నిలబడితే దులుపుతున్నాననే అనుకుంటారు. పో, వెళ్లిరా."

అక్కయ్య వెళ్లింది. ఏళ్ల తరబడి వివరించిన పీట మీద మొట్టమొదటిసారి కూర్చుంది. బాబాయ్ గోడవతల వడ్రంగి దుకాణంలోంచి తెచ్చిపెట్టిన రంపపు పొట్టు డబ్బా పక్కనే ఉంది. పనయ్యాక గుప్పెడు చల్లింది, మూత వేసింది, వాసన కోసం ఎదురుచూసింది. రాలేదు. నోటికొచ్చిన పాఠమని చెప్పుకుపోయిందే గానీ అది నిజమై ఉంటుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరాక తన మండలి మీద గౌరవం కలిగింది ఆ రోజే, ఆ చీకటి గదిలోనే.

ఆ సాయంత్రం దుకాణంలో పెద్ద నీళ్ల సీసా కొనుక్కుంది.

ఇలాంటివి దాగవు. వారం తిరిగేసరికి టైపిస్టు అమ్మాయి వచ్చి, "అక్కయ్యా, మీరు నీళ్లు తాగుతున్నారేంటి?" అని అనుమానంగా అడిగింది. అక్కయ్య చెప్పింది. అకౌంట్సు ఆవిడకు టైపిస్టు చెప్పింది. అలా ఆఫీసులో ఉన్న ఐదుగురు ఆడవాళ్లూ మంచినీళ్లు తాగడం మొదలుపెట్టారు. బాబాయ్ దులిపి దులిపి చీపురు అరగదీశాడు. అతని శ్రద్ధ చూసి డైరెక్టరుగారు ముచ్చటపడి, ఒక మీటింగులో అందరిముందూ మెచ్చుకున్నారు. ఒక గది నిండింది, మూసేసి రెండోది తెరిచారు. ఏడాది దాటింది. అక్కయ్య పరీక్షలకు వెళితే, స్కానింగులో కొత్త రాయి జాడే లేదని డాక్టరు సంతోషించాడు. ఆఫీసు మారారా అని అడిగాడు.

అంతా సవ్యంగా సాగుతున్న రోజుల్లో పై నుంచి ఒక సందేహం దిగింది. ఎరువు మరుగుదొడ్ల మండలి ఇంతవరకూ ఎంత ఎరువు ఉత్పత్తి చేసిందో తేల్చడానికి పరిశీలకురాలు వస్తోందని కబురు.

డైరెక్టరుగారి పై ప్రాణాలు పైనే పోయాయి. మరుగుదొడ్డి కట్టడం, రంగు వేయడం, తాళం వేయడం ఇవన్నీ ఆయనకు కరతలామలకం. దాంట్లోంచి ఏదైనా బయటికి రావాలన్న ఆలోచన మాత్రం ఆయనకు కొత్త. ఇంజనీరును పిలిచి, ఎవరూ వాడకుండా ఎరువు తయారయ్యే పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు. పరిశోధించాలన్నాడు ఇంజనీరు. అంత వ్యవధి లేదు కాబట్టి మొక్కలమ్మే నర్సరీ నుంచి ఎరువు బస్తాలు తెప్పించారు.

"నాలుగింట్లోనూ సమానంగా నింపు," అని బాబాయ్ చేతికి తాళంచెవులిచ్చారు.

బాబాయ్ మొదటిది నింపాడు, మూడోది నింపాడు, నాలుగోది నింపాడు. "రెండోది కూడా నిండే ఉంది సార్," అని వచ్చి చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

పరిశీలకురాలు చాలా దూరం నుంచి కారులో వచ్చింది. దిగీదిగగానే అక్కయ్యను పక్కకు పిలిచి చెవిలో ఏదో అడిగింది. అక్కయ్య డైరెక్టరుగారి వైపు చూసింది. డైరెక్టరుగారు తన గది వైపు చూశారు, అక్కడున్నది ఏ రకం మరుగుదొడ్డో గుర్తొచ్చి చూపు తిప్పుకున్నారు. "డిపో ఇక్కడికి దగ్గరే మేడం, కారు ఎలాగూ ఉంది కదా," అన్నారు. ఆవిడ డిపోకి వెళ్లి, వరసలో నిలబడి, అరగంట తరవాత తిరిగొచ్చి, 'ఆవరణలో మరుగుదొడ్లు నాలుగు, అన్నీ అత్యుత్తమ స్థితిలో ఉన్నాయి' అని రాసుకుంది. ఒక్కో నమూనాలోంచి ఒక్కో సంచిలో ఎరువు తీయించి ప్రయోగశాలకు పంపింది.

నెలకు ఫలితాలొచ్చాయి. ఒకటి, మూడు, నాలుగు నమూనాల ఎరువు అపురూపమైనది, రోగాలు కలిగించే క్రిముల మాట దేవుడెరుగు, అందులో మనిషి ఆనవాలే లేదు, ఇంత పరిశుభ్రమైన మరుగుదొడ్లు ఇంతవరకూ తమ దృష్టికి రాలేదు అని రాశారు. రెండో నమూనా ఎరువు బాగా మాగింది, మొక్కలకు మంచిది, అయితే ఇది మనుషుల నుంచి వచ్చినట్టు తేలింది అని రాశారు.

మొదటి మాటకు మండలికి పరిశుభ్రతలో ప్రథమ బహుమతి ప్రకటించారు. రెండో మాటకు విచారణ వేశారు.

విచారణ డైరెక్టరుగారి గదిలో జరిగింది. పొడవాటి బల్లకు ఒకవైపు ఆయన, ఇంజనీరు. రెండోవైపు సిబ్బంది అంతా నిలబడి ఉన్నారు. డైరెక్టరుగారి గొంతులో నిజమైన బాధ ఉంది.

"చెప్పడానికే నాకు నోరు రావడం లేదు. మనలోనే ఎవరో మరుగుదొడ్డిని వాడారు."

అక్కయ్య కాక మిగతా ఆడవాళ్లు నలుగురూ నేల చూపులు చూస్తున్నారు. టైపిస్టు అమ్మాయి అకౌంట్సు ఆవిడ వెనక్కి జరిగింది, ఆ పిల్ల ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. అక్కయ్య అది చూసింది.

"నేనేనండీ," అంది.

"మీరా? అందరికీ పాఠం చెప్పేవారు మీరు, మీరే ఇలా చేస్తే ఎలాగమ్మా? అసలెందుకు వెళ్లారు?"

"వచ్చిందండీ."

ఇంజనీరు దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. 'వచ్చింది' అన్నది నిబంధనల ప్రకారం కారణంగా చెల్లుతుందా అని ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కొంతసేపు చర్చించారు. రావడానికి ముందే దరఖాస్తు చేసుకుని ఉంటే ఆలోచించేవాళ్లమని డైరెక్టరుగారు దయగా అన్నారు.

"ఎన్నిసార్లు జరిగిందిది?"

"రోజూనండీ. మనిషిని కదా."

ఇంజనీరుకు ఇంకో అనుమానం వచ్చింది. "సార్, రెండు గదుల నిండా ఉంది. ఇంత పరిమాణం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు."

"నేను బాగా తింటానండీ," అంది అక్కయ్య.

వెనక అకౌంట్సు ఆవిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. బాబాయ్ ఒకడుగు ముందుకొచ్చి, తలుపు తీసింది తనేనని చెప్పాడు. డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఉత్తమ దుమ్ము దులుపరి అని తను నోరారా మెచ్చుకున్న మనిషి.

"సార్, ఒక్క మాట," అంది అక్కయ్య. "ఎరువు మంచిదనే రాశారు కదండీ. మన మండలి ఉన్నది దానికే కదా."

"ఎరువు గురించి కాదమ్మా ఇప్పుడు మాట్లాడుతున్నది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే సమస్య."

"మరి మిగతా మూడింట్లోదీ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

ఆ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని ఇంజనీరు గుర్తుచేశాడు. డైరెక్టరుగారు అతని వైపు కృతజ్ఞతగా చూశారు.

డాక్టరు రాసిచ్చిన కాగితం అక్కయ్య బల్ల మీద పెట్టింది. ఆపుకుంటే కిడ్నీ పోతుందని అందులో స్పష్టంగా ఉంది. డైరెక్టరుగారు దాన్ని రెండుసార్లు చదివారు. ఇది కిడ్నీకి సంబంధించిన కాగితం, ఇక్కడి వ్యవహారం మరుగుదొడ్డికి సంబంధించినది, రెండిటినీ కలపకూడదని చెప్పి తిరిగి ఇచ్చేశారు.

తీర్పు వారంలో వచ్చింది. ప్రదర్శనకు ఉద్దేశించిన మరుగుదొడ్డిని మరుగుదొడ్డిగా దుర్వినియోగం చేసినందుకు అక్కయ్యకు మందలింపు. దీర్ఘకాల సేవను దృష్టిలో పెట్టుకుని అంతటితో వదిలేశారు. సందర్శకులకు వివరించే పని మాత్రం ఆవిడ నుంచి తీసేశారు, అనుభవం ఉన్న మనిషి నిష్పక్షపాతంగా చెప్పలేదని. బాబాయ్ దగ్గరున్న తాళంచెవులు తీసుకుని, అతన్ని తాగునీటి ఫిల్టరు పర్యవేక్షణకు మార్చారు. అపవిత్రమైన రెండో నమూనాను కూలగొట్టి, ఆ జాగాలో బహుమతి ఫలకం పెట్టడానికి అద్దాల అలమర కట్టించారు. కూలగొట్టడానికి తలుపు పీకిన సాయంత్రం బాబాయ్ ఎవరూ చూడకుండా లోపలి ఎరువు తీసి గేటు పక్క మొక్కలకు వేశాడు. అవి ఇప్పుడు గోడెక్కి పూస్తున్నాయి. నర్సరీ ఎరువు మంచిదని డైరెక్టరుగారు వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు.

ఇలాంటి దుర్ఘటన మళ్లీ జరగకూడదు కదా. అందుకని మూలకారణం కనుక్కోమని ఇంజనీరుకు అప్పగించారు. అతను పగలూ రాత్రీ శ్రమపడి, సిబ్బంది మరుగుదొడ్డికి వెళ్లడానికి మూలకారణం నీళ్లు తాగడమేనని కనిపెట్టాడు. ఫిల్టరు తీసేశారు. ఇంటి నుంచి సీసాలు తేవడం కూడా నిషేధించారు. బాబాయ్ రిటైరయ్యేదాకా ఫిల్టరు ఉండాల్సిన చోటును పర్యవేక్షించాడు.

చీటీ రాసి డిపోకి వెళ్లే దారి కాగితం మీద ఇంకా ఉంది గానీ, మందలింపు ఉన్నవాళ్లకు 'సొంత పని' మంజూరు కాదు. అక్కయ్య సెలవు పెట్టింది, అయిపోయింది. బదిలీ అడిగింది, పరిశీలనలో ఉందన్నారు. పొద్దున ఇంట్లో గుక్కెడు, సాయంత్రం ఇంటికెళ్లాక గుక్కెడు. కొన్నాళ్లకు మళ్లీ మెట్ల మీద నడుం పట్టుకుని కూర్చోవడం మొదలైంది. ఈసారి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు, చీపురు పట్టుకుని నిలబడ్డవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఒకరోజు అక్కడే పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎడమ కిడ్నీ తీసేశారు.

ఆ ఏడాది నీటి పొదుపులో కూడా ప్రథమ బహుమతి మండలికే వచ్చింది. ఒక కార్యాలయం నీటి వాడకాన్ని ఇంతగా తగ్గించడం అపూర్వమని పై అధికారులు అభినందించారు. ఆ గౌరవం సిబ్బందికే దక్కాలని డైరెక్టరుగారికి అనిపించింది. ఆయన పాత సంగతులు మనసులో పెట్టుకునే మనిషి కారు. వేదిక మీద ఫలకం అక్కయ్యే అందుకోవాలని నిర్ణయించి, ఆసుపత్రి నుంచి ఎప్పుడు వస్తుందో కనుక్కుందామని స్వయంగా ఆవిడ భర్తకు ఫోను చేశారు.

"రేపే పంపించేస్తామన్నారండీ," అన్నాడు భర్త. "తనే రానంటోంది. ఇంకో నాలుగు రోజులు ఉంచుకోమని డాక్టర్ను బతిమాలుతోంది. ఇక్కడ మరుగుదొడ్డికి తాళం వెయ్యరటండీ, ఎప్పుడంటే అప్పుడు వెళ్లొచ్చట."

డైరెక్టరుగారు ఫోను పెట్టేసి చాలాసేపు బాధపడ్డారు. ఆసుపత్రుల నిర్వహణ ఇంత అధ్వాన్నంగా ఉందని ఆయనకు అంతవరకూ తెలియదు.